తిప్ప బంగళాకు గచ్చు కొట్టిన సుందరమ్మ

అయినా మీరే చెప్పండి, నెలలు నిండిన కూతురు పైకప్పు లేని గోడల మధ్య పడుకుంటుంటే, ఇంకొకరి మిద్దెకు బెల్లం నీళ్లు చల్లుతూ ఏ తల్లయినా ఎన్ని రోజులని కూర్చోగలదు? మా పెద్దమ్మ సుందరమ్మ ఆరు రోజులు కూర్చుంది. ఏడో రోజు కూర్చోలేదు. ఆమె చేసిన తప్పల్లా అదే. తప్పు కాదని నేను అనను. ఆమే అనలేదు, నేనెందుకంటాను?

ముందు ఆమె ఎవరో చెప్పాలి కదా. సుందరమ్మ మా అమ్మకు అక్క. మాది కోదాడ దాటి అనంతగిరి పోయే దారిలో ఒక పల్లె. ఊరికి పడమట మా వాడ. ముప్పై గుడిసెలు, ఒక ప్రార్థన పాక. మగవాళ్లకు దొర పొలాల్లో పని. ఆడవాళ్లకు నాట్లు, కోతలు, అవి లేనప్పుడు మిద్దెల మీద గచ్చు కొట్టడం. ఇప్పుడు సిమెంటు వచ్చాక ఆ పని తెలిసినవాళ్లే లేరు. అప్పట్లో మిద్దె వేయాలంటే దూలాల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద ఇటుక ముక్కలూ గానుగలో నూరిన సున్నమూ కలిపి జానెడు మందాన పరిచేవాళ్లు. దాన్ని పదిమంది ఆడవాళ్లం వరసగా గొంతుక్కూర్చుని కొయ్య చెక్కలతో కొట్టేవాళ్లం. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా, రోజుల తరబడి. మధ్య మధ్యలో బెల్లమూ కరక్కాయలూ నానేసిన నీళ్లు చల్లుతుండాలి. ఎప్పుడు ఆపాలో చెప్పేది మాత్రం ఒక్కరే, వరస మొదట్లో కూర్చుని పాట ఎత్తుకునే మనిషి. దెబ్బ మెత్తగా పలికినన్నాళ్లు పని ఉన్నట్టు. కంచు మీద కొట్టినట్టు పలికితే అయినట్టు. మా పెద్దమ్మ కళ్లు మూసుకుని చెవితో చెప్పేది. ఆమె "అయింది" అంటే ఏ మేస్త్రీ రెండోసారి అడిగేవాడు కాదు. సూర్యాపేట నుంచి కూడా మనుషులొచ్చి ఆమెను పిలుచుకుపోయేవాళ్లు.

ఇక ఆ బంగళా సంగతి. మా ఊరి చెరువు చాలా పెద్దది, దాని నడుమ ఎకరం తిప్ప ఉంది. పెద్దదొర ఎప్పుడో సరదాపడి ఆ తిప్ప మీద బంగళా కట్టించాడు. నాలుగు పక్కలా వరండాలు, కిటికీలకు రంగు అద్దాలు, స్నానానికి హైదరాబాదు నుంచి తెప్పించిన రేకు తొట్టి. చలికాలం బాతుల వేటకు పెద్ద పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. తిప్పకు పోవాలంటే పుట్టి ఎక్కాల్సిందే. వెదురుతో గుండ్రంగా అల్లి తోలు తొడిగిన పడవ అది. సైదయ్య దాన్ని నడిపేవాడు.

రజాకార్ల గొడవల్లో దొర కుటుంబం హైదరాబాదు పోయింది. పెద్దదొర అక్కడే పోయాడు. పోలీసు యాక్షను అయ్యాక కొడుకు ప్రభాకర్ రావు, తల్లి రుక్కమ్మ దొరసాని తిరిగొచ్చారు. చిన్నదొర చదువుకున్నవాడు. హైదరాబాదు, బెజవాడ నడుమ కార్లలో తిరిగే ఆఫీసర్లను, షావుకార్లను బంగళాలో దింపుకుంటే మంచి కిరాయి వస్తుందని లెక్క వేసుకున్నాడు. కొత్త పరుపులు తెచ్చాడు. రంగులు వేయించాడు. అంతా అయిందనుకునేసరికి, నలభై తొమ్మిదిలో దసరా వెళ్లిన వారానికి గాలివాన వచ్చింది.

బంగళా మిద్దె సగం కూలింది. రేకు తొట్టి ఎగిరిపోయి గట్టు అవతల పొలంలో పడింది. వారం తర్వాత దొరికింది, లోపల ఎవరిదో కోడి పొదుగుతూ కూర్చునుంది. మా వాడలో ముప్పై గుడిసెలకు ముప్పై కప్పులూ పోయాయి. అవి ఎక్కడ పడ్డాయో ఎవరూ వెతకలేదు.

కప్పుకోవాలంటే తాటికమ్మలు కావాలి. తాటితోపు దొరది. వాడ మగవాళ్లందరూ పోయి అడిగారు. పెద్దమ్మ కూడా పోయింది.

"ముందు నా మిద్దె," అన్నాడు చిన్నదొర. "అది అయ్యేదాంక తోపుల ఒక్క కమ్మ తెగొద్దు. మీ ఇండ్లు కప్పుకుంటె మీరు నా పనికి రారు, నాకు తెల్వదా?"

"మా శాంతకు తొమ్మిదో నెల దొరా," అంది పెద్దమ్మ. "మా ఒక్క ఇంటికన్న..."

"ఒక్క ఇంటికిస్తె ముప్పై ఇండ్లోళ్లు అడుగుతరు. మిద్దె అయిన్నాడు తోపంత మీదే, పోండ్రి."

శాంత అంటే శాంతకుమారి, పెద్దమ్మ ఒక్కగానొక్క కూతురు, నా ఈడుది. మొగుడు యాకోబు మిర్యాలగూడలో వడ్ల మిల్లులో హమాలీ. అంతకుముందు ఏడు వానాకాలంలో అక్కడే, మిల్లు పక్క రేకుల కొట్టంలో శాంతకు మొదటి కాన్పయింది. నీళ్లు లోపలికొచ్చాయి. బిడ్డకు చలి పట్టింది. ఎనిమిది రోజులు బతికింది. అందుకే ఈసారి ఆరో నెలలోనే పెద్దమ్మ పోయి కూతుర్ని తెచ్చుకుంది. "నా ఇంట్ల పొడిగ కంటది," అని అల్లుడికి మాటిచ్చి మరీ తెచ్చింది. ఇప్పుడు ఆ ఇంటికి కప్పు లేదు. ఆ నెలంతా ఆమెకు ఇంకో ధ్యాస లేదు. బిడ్డ పొడి నేల మీద పుట్టాలి, అంతే.

దుర్గయ్య మేస్త్రీ దూలాలెత్తి, ఇటుకలు పేర్చి, సున్నం పరిచేసరికి కార్తీకం సగమైంది. మేం పదిమందిమి రోజూ పుట్టిలో తిప్పకు పోయేవాళ్లం. శాంతను వాడలో ఒక్కదాన్నే విడిచిపెట్టలేక పెద్దమ్మ వెంట తీసుకొచ్చేది. తిప్ప మీద పనివాళ్లకు వేసిన పాకలో కూర్చుని శాంత కరక్కాయలు దంచేది.

"అమ్మా, కడుపుతోనున్నోళ్లు నీళ్లు దాటొద్దంటరు గదనే," అంది శాంత మొదటిరోజు.

"నువ్వు దాటుతున్నవా? పుట్టి దాటుతున్నది. నోర్మూసుకొని కూసో."

సైదయ్య గడ వేస్తూ, "సుందరక్కా, ఇద్దరమని చెప్పి ముగ్గురెక్కిన్రు. బరువు నాకు తెలుస్తలేదా?" అన్నాడు.

"ఆ మూడో మనిషికి నువ్వు తాతవే గదా, జర మెల్లగ నడుపు."

పైకెక్కి కూర్చున్నాక పెద్దమ్మ పాట ఎత్తుకునేది. పాటంటే ఏదో భక్తి పాట అనుకునేరు. మేస్త్రీని ఏడిపించే పాట.

"మేస్త్రి మీసం మూరెడంట!"

"దబ్బు!" అని పది చెక్కలు ఒక్కసారి పడేవి.

"ఆలి ముందు జానెడంట!"

"దబ్బు!"

దుర్గయ్య కింది నుంచి, "నా పెండ్లాం సంగతి మీకెవ్వరు జెప్పిన్రే?" అని అరిచేవాడు. ఆమే చెప్పిందని మేం అరిచేవాళ్లం. ఆ నవ్వుల్లో చేతుల నొప్పి తెలిసేది కాదు. బెల్లం నీళ్ల మీద ఈగలు ముసిరేవి. ఒకసారి గోపమ్మ ఆ నీళ్లలో వేలు ముంచి నాకి, "నాకన్న ఈ మిద్దె మంచిగ తింటున్నది," అంది. గోపమ్మ మాలో పెద్దది. వాడలో పురుళ్లన్నీ ఆమే పోసేది.

మిద్దెంతా ఒకేసారి పరచలేదు. సున్నం చాలక ఈశాన్యం మూల రెండు రోజులు ఆలస్యంగా పరిచారు. ఆరో రోజు సాయంత్రానికి మిగతాదంతా కంచులా పలుకుతోంది. ఆ మూల ఇంకా మెత్తగానే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి శాంత నడుం పట్టుకుని నడుస్తోంది. గోపమ్మ చూసి, "రేపో ఎల్లుండో," అంది.

పొద్దుగూకే వేళ దుర్గయ్య పైకొచ్చాడు. "ఈశాన్యం మూలది మొన్ననే గద పరిచింది. అయిందా సుందరక్కా?"

పెద్దమ్మ చెక్కతో అక్కడ ఒక దెబ్బ వేసింది. కళ్లు మూసుకుంది. నేను పక్కనే ఉన్నాను, నాకూ వినిపించింది. మెత్తగా దబ్బుమంది.

"అయింది మేస్త్రీ," అంది.

దుర్గయ్య తల ఊపి దిగిపోయాడు. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. చెక్క కడుక్కుంటూ, "పొద్దుగాలనే మగోళ్లను తోపుకు పొమ్మని చెప్పు జానమ్మా," అంది.

చెప్పాను. మగవాళ్లు తెల్లారేసరికి తోపులో ఉన్నారు. చిన్నదొర కిటికీ అద్దాల కోసం సూర్యాపేట పోయాడు. ఆడవాళ్లం శాంతను వెంటబెట్టుకుని చివరిసారి తిప్పకు పోయి గోడలు నున్నన చేస్తున్నాం. పొద్దు నడినెత్తికి రాకముందే ఆకాశం ఒక పక్కగా నల్లబడింది. చెరువు మీద బాతులన్నీ ఒక్కసారి లేచాయి. ఆ తర్వాత గాలి ఎట్లా వచ్చిందో చెప్పలేను. మొదటిదానికి తమ్ముడనుకున్నాం గానీ అన్నలాగే ఉంది. పనివాళ్ల పాక మా కళ్ల ముందే లేచి చెరువులో పడింది. సైదయ్య గట్టు మీద నిలబడి చేతులూపుతున్నాడు. పుట్టి వేస్తే బొంగరంలా తిరుగుతుంది, వేయలేడు. శాంత వరండా స్తంభం పట్టుకుని కూలబడింది.

"వస్తున్నయే అమ్మా," అంది.

బంగళా పెద్దగది తలుపు తీశాం. ఆ గదిలో మేం అంతకుముందు పని చేయడానికి తప్ప అడుగుపెట్టలేదు. ఈశాన్యం మూలన పట్టెమంచం, దాని మీద కొత్త పరుపు, తెల్లటి దుప్పటి. ఇద్దరం శాంతను పట్టుకుని అటు నడిపిస్తున్నాం.

"గాడ వద్దు," అంది పెద్దమ్మ. "గీ దిక్కు తేండ్రి. గోనెసంచులు పరువుండ్రి."

"మంచం గాడనే ఉన్నది గద పెద్దమ్మా?"

"చెప్పింది చెయ్యి."

నైరుతి మూలన సున్నం తెచ్చిన గోనెసంచులు దులిపి పరిచి శాంతను పడుకోబెట్టాం. కాసేపటికి మంచం మీద టప్ మని చుక్క పడింది. ఇంకొకటి పడింది. తర్వాత ధార కట్టింది. అందరం పైకి చూశాం. పెద్దమ్మ ఒక్కతే చూడలేదు. కూతురి తల ఒళ్లో పెట్టుకుని, "ప్రభువా, ఇటు దిక్కు నిలుపు, గీ ఒక్క పూట నిలుపు," అని గొణుగుతూ ఉంది.

సాయంత్రం ముందు ఆడపిల్ల పుట్టింది. నేల పొడిగా ఉంది. గోపమ్మ బొడ్డు కోసి బిడ్డను ఇస్తే, పెద్దమ్మ తన చీర కొంగు పిండి చూసుకుని, తడి లేని వైపు చింపి చుట్టింది. బిడ్డ అరికాళ్లు తన చెంపలకు ఆనించుకుంది. "వెచ్చగున్నయే," అంది. నాలుగైదుసార్లు అదే మాట అంది.

మర్నాడు గాలి ఆగింది. పుట్టిలో చిన్నదొర, తల్లి రుక్కమ్మ దొరసాని, దుర్గయ్య వచ్చారు. చిన్నదొర గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందిది? ఇది బంగళానా, దవాఖానానా? ఆ పరుపు చూడు మేస్త్రీ! శనివారం ఆఫీసర్లొస్తున్నరు!"

దుర్గయ్య గదంతా తిరిగి పైకి చూశాడు. "గీ మూల ఒక్కటే కారింది దొరా. ఏడ చూసినా పొడిగనే ఉన్నది." తర్వాత పెద్దమ్మ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, మంచం ఇడిసిపెట్టి బిడ్డను గా మూలకెందుకు పండవెట్టినవ్?"

గాలివాన మీదికి తోసేయొచ్చు. ఎవరూ కాదనేవాళ్లు కాదు. పెద్దమ్మ లేచి నిలబడింది.

"గీ మూల కారుతదని నాకెరుకనే మేస్త్రీ. ఇంక ఒకటి రెండు దినాలు కొట్టాలె. నేనే అయిందన్న. నీ తప్పు లేదు, ఈ ఆడోళ్ల తప్పు లేదు."

"ఎందుకన్నవ్ మరి?" చిన్నదొర అడిగాడు.

"కమ్మల కోసం. దీని మొదటి బిడ్డ తడి నేల మీద పోయింది దొరా. ఈసారి నా ఇంట్ల పొడిగ పుట్టాలనుకున్న. చెవి చెప్పింది, నేనే ఇనలే."

చిన్నదొర తడిసిన పరుపు వైపు, బిడ్డ వైపు చూశాడు. మెత్తబడ్డాడనుకున్నాం. మెత్తబడలేదు. "తోపుల కోసిన కమ్మలన్నీ ఆడనే ఉండనియ్యి," అన్నాడు దుర్గయ్యతో. "ఆ మూల తవ్వి మళ్ల కొట్టాలె. ఒక్క వానకు నిలవాలె. నిలిచినంకనే కమ్మలు. సైదయ్యా, ఇగ వీళ్లను పుట్టెక్కియ్యి."

అప్పటిదాకా రుక్కమ్మ దొరసాని చీర అంటకుండా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వరండాలోనే నిలబడి ఉంది. "ఎక్కడికెక్కిస్తడు?" అంది. "బాలింత ఇరవై ఒక్క దినం గాకముందు నీళ్లు దాటుతదారా?"

"అమ్మా, వాళ్లు కిరస్తానోళ్లు."

"కిరస్తానోళ్లకు నీళ్లు వేరే ఉంటయా? నువ్వు పుట్టినప్పుడు నేను గీ చెరువు గట్టు మీదికి గూడ రాలే. తల్లీబిడ్డలకేమన్న అయితె ఆ ఉసురు ఎవల ఇంటికొస్తది?"

"మరి ఆఫీసర్లు?"

"ఇరవై రెండో నాడు రమ్మను. బాతులు యాడికి పోవు. అయినా పురుడైన ఇంట్ల నువ్వే ముద్ద ముట్టవు, వాళ్లకు పెడతవా?"

ఆమె ప్రేమతోనే అందని నేను చెప్పను. గదిలో అడుగు పెట్టలేదు. వెళ్లేముందు ఈ గదికి రెండుసార్లు సున్నం కొట్టాలని గట్టిగా చెప్పి మరీ పోయింది. కానీ ఆ మధ్యాహ్నమే సైదయ్య చేత పాతబియ్యం, వెల్లుల్లి కారం, ఒక కుండ నెయ్యి పంపింది. అట్లా మా శాంత రంగు అద్దాల బంగళాలో ఇరవై ఒక్క రోజులు ఉంది. ఆ బంగళాలో అన్ని రోజులు దిగిన అతిథి ముందూ లేరు, తర్వాతా లేరు.

పెద్దమ్మ ఆ మూల తవ్వి కొట్టడానికి ఒక్కతే మిద్దెక్కింది. కూలి లేని పని, ఎవరినీ పిలవలేదు. కాసేపటికి గోపమ్మ ఎక్కింది, తర్వాత మేమందరం ఎక్కాం. దుర్గయ్య కరక్కాయలు తనే మోసుకొచ్చాడు. కింద బిడ్డ ఆ దెబ్బలకు ఎంత అలవాటు పడిందంటే, చెక్కలు ఆగితే లేచి ఏడ్చేది. శాంత కింద నుంచి, "కొట్టుండ్రి, కొట్టుండ్రి, లేస్తున్నది!" అని అరిచేది.

ఎనిమిదో రోజు పెద్దమ్మ పాట ఆపి నాతో, "జానమ్మా, నువ్వు ఇను," అంది.

"నాకేం తెలుస్తది పెద్దమ్మా?"

"నా చెవి మీద నాకు నమ్మకం లేదిగ. నువ్వు చెప్పు."

కొట్టి విన్నాను. "అయింది," అన్నాను. ఆమె తల ఊపింది. ఊపి, ఇంకో రోజంతా కొట్టించింది.

ఇక వాన రావాలి. రాలేదు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కప్పుల్లేని ముప్పై గుడిసెల వాళ్లం, వాన కురిపించమని కప్పులేని ప్రార్థన పాకలో మోకరించాం. నవ్వొస్తుంది కదా? మాకూ వచ్చింది. పాస్టరయ్య కూడా మధ్యలో నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇంతలో మిర్యాలగూడలో యాకోబుకు బిడ్డ పుట్టిన సంగతే తెలియదు. ఎవరినైనా పంపుదామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "పోయినసారి బిడ్డ సచ్చిపోయిందని ఆ పిలగాడు ఏడ్చుకుంట కోదాడదాంక వచ్చి చెప్పిండు. గీ కబురు నేనే నా నోటితోని చెప్పాలె," అంది. పదమూడో రోజు మా ఊరి లచ్చిరాం వడ్ల బండి అటే పోతుంటే ఎక్కింది. ఆ రాత్రికి గరిడేపల్లి చేరారు. తెల్లారి బండి కడుతుంటే తూర్పున మబ్బు పట్టిందట. ఆమె బండి దిగిపోయిందట. తర్వాత లచ్చిరామే చెప్పాడు మాకు.

"ఏమైందక్కా? మాపటికి మిర్యాలగూడల ఉంటం."

"వానొస్తది."

"వస్తె రానీ, గొంగడున్నది గద."

"నాకు గొంగడెందుకు? ఆ మూల కింద నేనుండాలె."

ఎదురొచ్చిన బండ్లు ఎక్కుతూ దిగుతూ, ఎక్కువ దూరం నడుస్తూ వచ్చింది. వాన ఆమె కంటే ముందే వచ్చింది. సైదయ్య పుట్టి దింపేసరికి ఆమె ఒంటి మీద పొడి పోగు లేదు. గదిలోకి వచ్చి నేరుగా ఈశాన్యం మూలకు పోయి, తల పైకెత్తి, అరచెయ్యి చాచి నిలబడింది. బయట కుండపోత. ఎంతసేపు నిలబడిందో. అరచేతిలో ఒక్క చుక్క పడలేదు. ఆమె కొంగు నుంచే నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా, ముందు నువ్వు తుడుచుకో, గది తడుపుతున్నవ్," అంది శాంత.

మర్నాడు చిన్నదొర వచ్చి గోడ మీద అరచెయ్యి రాసి చూశాడు. దుర్గయ్యతో, "కమ్మలు తీసుకపొమ్మను," అని పోయాడు. అదే రోజు వాడలోకి కమ్మల బండ్లు వచ్చాయి. ఇరవై రెండో నాడు శాంత బిడ్డనెత్తుకుని పుట్టి దిగి, కొత్త కమ్మల వాసన కొట్టే ఇంట్లోకి వచ్చింది. పెద్దమ్మ ఇంటి మీద కూర్చుని కప్పు నడిమి వెన్ను కడుతోంది.

"అమ్మా," శాంత కింద నుంచి పిలిచింది. "మిర్యాలగూడ పొయ్యొచ్చినవ్ గని, ఆయనేమన్నడో చెప్పనేలేదు."

పెద్దమ్మ నార పళ్లతో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. ఆ వానలో, ఆ హడావుడిలో, గరిడేపల్లి నుంచే తిరిగొచ్చానని ఆమె ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

"రేపు పోత బిడ్డా," అంది.

మర్నాడు గోపమ్మ ఇంటికి కప్పేవాళ్లు తక్కువయ్యారు. ఆ మర్నాడు ప్రార్థన పాక. పెద్దమ్మ పొద్దున్నే మిర్యాలగూడకని గొంగడి మడిచి భుజాన వేసుకునేది. ఎవరో ఒకరు, "సుందరక్కా, జర గీ కమ్మ అందియ్యవా," అనేవాళ్లు. గొంగడి తీసి గోడ మీద పెట్టి నిచ్చెన ఎక్కేది.